సొరబుర్రల మీద ఇంటి నంబర్లు

భద్రాచలం వెళ్ళొచ్చానని తెలియగానే మధిరలో మా వీధివాళ్ళు ప్రసాదం కోసం చెయ్యి చాపారు. మాది ఆదివారం చర్చికి వెళ్ళే ఇల్లని తెలిసినవాళ్ళు కూడా చాపారు. "ప్రసాదం లేదండీ, దోమకాట్లున్నాయి, పంచమంటారా?" అన్నాను. గోదావరి దాటి, గోపురాన్ని దూరం నుంచే చూసి, దాన్ని వెనక వదిలేసి అడవిలోకి వెళ్ళొచ్చిన మనిషిని నేను. అంత దూరం వెళ్ళి గుడి మెట్లు ఎక్కకుండా వచ్చావంటే అంత మునిగిపోయే పనేమిటని అడిగారు. ఆ పనేమిటో చెబుతాను.

నేను ఆరోగ్య సర్వేలో పనిచేస్తాను. ఇంటింటికీ వెళ్ళి ఎత్తు, బరువు, బీపీ చూస్తాం. వేలి కొసన సూదితో గుచ్చి, ఒక్క చుక్క తీసి, ఒంట్లో రక్తం ఎంత ఉందో చూస్తాం. ఏం తింటున్నారు, జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తున్నారు, కాన్పులు ఎక్కడ అవుతున్నాయి అని అడుగుతాం. ఏ ఊళ్ళకి వెళ్ళాలో పైనుంచి చెబుతారు. ఈసారి వచ్చిన సూచనల్లో ఒక కొత్త వాక్యం ఉంది. వలస వచ్చినవారిని కూడా కలపాలి, అని. రాసినవాళ్ళు ఫ్యాను కింద కూర్చునే రాసి ఉంటారు, పర్వాలేదు, మంచి మాటే రాశారు. నేను ఆ మాట నమ్మాను. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది మా అమ్మ. ఈసారి కుందేలుకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి, చూసుకుని మరీ పట్టుకున్నాను.

వైరా

నాకు జోడీ శ్రీను. వైరా మనిషి, ల్యాబ్ టెక్నీషియన్, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంటి దగ్గర పొలం ఉంది, కాలువ నీళ్ళున్నాయి, అయినా ఎండలో ఊళ్ళు తిరిగే ఈ ఉద్యోగం చేస్తాడు. సర్వే మాన్యువల్ అతనికి కంఠతా వచ్చు. మా అమ్మ బైబిల్లో అధ్యాయం, వచనం చెప్పినట్టు శ్రీను రూలు నంబరు చెబుతాడు. నాకు ఒళ్ళు మండేది కూడా అక్కడే.

అతన్ని ఎక్కించుకోవడానికి ఆగితే వాళ్ళమ్మగారు తినకుండా కదలనివ్వలేదు. రిజర్వాయరు చేపలు, పొద్దున్నే తెచ్చినవి. చింతపండు పులుసు చిక్కగా, మెంతి వాసనతో నోరూరిపోయింది. మా ఇంట్లో చేపల పులుసులో బెండకాయలు వేస్తామని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "చేపలల్ల బెండకాయేందమ్మా, చేప ఏం పాపం చేసింది?" అన్నారు. మధిరకీ వైరాకీ మధ్య ఉన్నది ఎంత దూరమని. అంతలోనే పులుసు మారిపోయింది.

జూలూరుపాడు

జూలూరుపాడు చేరేసరికి ఊరు కనిపించకముందే ఘాటు వచ్చి తగిలింది. మార్చి నెల, కళ్ళాల నిండా మిరపకాయలు. ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండబోశారు. శ్రీను తుమ్ములు మొదలుపెట్టి ఆపలేదు. తుమ్మే మనిషి బీపీ చూస్తానంటే ఎవరు చెయ్యి ఇస్తారు? తుమ్ముకి తుమ్ముకి మధ్య చూసుకుంటూ వచ్చాడు.

మిరపకోతకి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన కూలీలు చేను గట్టునే టార్పాలిన్ పట్టాల కింద ఉంటున్నారు. చేను వెంకట్రావు గారిది. పెద్దమనిషి. మజ్జిగ ఇచ్చారు, కుర్చీలు వేయించారు. మా పని విని మాత్రం చిరాకుపడ్డారు.

"వాళ్ళెందుకమ్మా మీకు? వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు. కోత అవ్వగానే పోతారు. మా ఇంట్లో చూడండి, మా కోడలికి చూడండి."

"చూస్తామండీ. మీ తాతగారిది కూడా ఈ ఊరేనా?"

"కాదమ్మా, తెనాలి పక్క. ఇక్కడ భూములు చవకని వచ్చారు."

"ఆయన వచ్చిన కొత్తలో మాలాంటివాళ్ళు వస్తే, ఈయన ఈ ఊరివాడు కాదని వదిలేసి పోయేవాళ్ళా?"

ఆయన మీసం సర్దుకున్నారు. "నీ నోరు మంచిది కాదమ్మాయ్," అని నవ్వేశారు. పట్టాల వైపు దారి చూపించారు.

అడ్డంకి మనుషుల దగ్గర తీరింది గానీ మా ట్యాబ్‌లో తీరలేదు. ఆరు నెలలుగా ఇక్కడ ఉంటున్నారా, అన్నది మొదటి ప్రశ్న. లేదని నొక్కితే ఆ మనిషి అక్కడితో సరి, తర్వాతి ప్రశ్న రాదు. పైనేమో కలపమన్నారు, ఇక్కడేమో ప్రశ్నే గెంటేస్తోంది. సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేస్తే, "సూచన సూచనేనమ్మా, ప్రశ్న ప్రశ్నే," అన్నారు. నాకు తల తిరిగిపోయింది. అప్పుడు తుమ్ముతూనే శ్రీను చెప్పాడు.

"అక్కా, రాత్రి ఈడ పండుకున్నోళ్ళను అతిథులని రాయొచ్చు. రూల్ ఉన్నది."

అతని మాన్యువల్‌ని మొదటిసారి మెచ్చుకున్నాను. ఆ సాయంత్రం దాకా మిరపకూలీలందరినీ వెంకట్రావు గారి అతిథులుగా రాశాం. ఆయనకి చెబితే, "నా పెళ్ళిక్కూడా ఇంతమంది రాలేదు," అన్నారు. సూది గుచ్చితే ఒకావిడ చురుక్కుమంటుందేమో అని వేలు వెనక్కి లాక్కోలేదు సరికదా, నవ్వింది. మిరపకాయ మంట పట్టిన వేళ్ళకి అదో లెక్కా! రాత్రి మంట తగ్గడానికి వాళ్ళు చేతులకి ఆముదం రాసుకుంటారట. మా ఊళ్ళోనూ అదే రాస్తారు. ఆముదానికి ఊరు పట్టింపు లేదు.

భద్రాచలం

లాడ్జిలో గుమస్తా మా ఎత్తు కొలిచే చెక్కని ఏదో వాయిద్యం అనుకుని, "భజన బృందమా మేడం? కింద గది ఇస్తా, పైన చప్పుడు గాకుండ," అన్నాడు. శ్రీను మొహమాటపడి అవునన్నాడు. దాంతో రాత్రంతా పక్కగది యాత్రికులు మా పాట కోసం ఎదురుచూశారు. పొద్దున్నే ఒక పెద్దాయన, గొంతు బాగోలేదా అమ్మా అని పరామర్శించి వెళ్ళాడు.

కరకట్ట దగ్గర టీ తాగుతుంటే సమ్మక్క వచ్చింది. ఆమె ఆశా కార్యకర్త. కోయ మనిషి, మాకు దుబాసీగా వస్తానని ఒప్పుకుంది. గుడి దగ్గర కనుక టీకి రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నారని నేను సణుగుతుంటే, "రాముని వాటా అక్కా," అంది. మనిషి సరదా మనిషే. మేం వెళ్ళబోయేది గొత్తికోయల గుంపుకని చెప్పగానే మాత్రం ఆ సరదా పోయింది. ఛత్తీస్‌గఢ్‌లో కలతలు తట్టుకోలేక సరిహద్దు దాటొచ్చి మన అడవుల్లో ఇళ్ళు వేసుకున్నవాళ్ళు వాళ్ళు. అలాంటి పల్లెనే గుంపంటారు. భాష సమ్మక్క భాషకి దగ్గరే.

"చుట్టరికం ఉన్నదనుకో. అయినా మనసుల ఉన్నది చెప్తున్న. వాళ్ళొచ్చి మా అడివి కొట్టిన్రు. మా పోడు మాకే సాలుతలేదు."

"మరి వస్తావా, రావా?"

"వస్త. ఒప్పుకున్న గద. గని ఒకటి తెలుసుకో అక్కా. నాకిచ్చిన ఊర్లల్ల ఆ గుంపు లేదు. కడుపుతోని ఉన్నోళ్ళకు కార్డు రాయాలన్నా, గోలీలు ఇయ్యాలన్నా ముందు ఆడ మనుషులున్నరని ఎవరన్న ఒప్పుకోవాలె. ఎవరూ ఒప్పుకోలే."

అందుకే ఈ సర్వే, అన్నాను. మా లెక్కలో ఆ గుంపు పడితే, అక్కడ మనుషులున్నారని ప్రభుత్వం తన కాగితాల మీద మొదటిసారి చూస్తుంది. పడకపోతే, వాళ్ళు లేనట్టే. సమ్మక్క నా వైపు అదోలా చూసి టీ గ్లాసు కింద పెట్టింది.

గుంపు, మొదటి రోజు

ఆ గుంపు పేరు నేను రాయను. రాస్తే వాళ్ళ కోసం మందుల పెట్టె వెళ్ళడం కంటే ముందు ఇంకెవరో వెళ్తారు. తారు రోడ్డు ఆగిపోయాక, బండిబాట కూడా ఆగిపోయాక, కాలిబాటలో ఒక వాగు దాటితే వస్తుంది. అంత చాలు.

వెదురు తడికలకి మట్టి మెత్తిన ఇళ్ళు. వాకిళ్ళు మా మధిర వీధుల కంటే శుభ్రంగా ఉన్నాయి, ఈ మాట మా మునిసిపాలిటీవాళ్ళు చదివినా నాకేం భయం లేదు. చెట్ల కింద రాలిన ఇప్పపువ్వుని ఆడవాళ్ళు బుట్టల్లోకి ఏరుతున్నారు. ప్రతి ఇంటి చూరుకీ ఎండిన సొరబుర్రలు వేలాడుతున్నాయి. నీళ్ళూ, అంబలీ అందులోనే. అంత ఎండలోనూ బుర్రలో నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మాకు మొదట కనిపించింది దేవె. చిన్న పిల్ల, తొలిచూలు, ఏడో నెల. ఎత్తు చెక్కని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళత్త ఉంగి మా చేతుల్లో అంబలి పోసి, ఆకులో ఎర్ర చీమల పచ్చడి పెట్టింది. శ్రీను కళ్ళు మూసుకుని మింగాడు. నేను కళ్ళు తెరిచే తిన్నాను. చింతచిగురు పులుపు, ఆ వెనక మిరప కారం. బాగుంది. ఇంకొంచెం అడిగాను. ఉంగి అప్పటినుంచీ నన్నే చూస్తూ కూర్చుంది.

దేవె కింది కనురెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవాఖానాకి తీసుకెళ్ళాలి అన్నాను. పువ్వు రాలే రోజులు పోయాక చూద్దాం అంది ఉంగి. ఏడాదికి సరిపడా ఉప్పూ నూనే ఆ పువ్వులోంచే రావాలి మరి. సరే, రేపు రక్తం పరీక్ష చేశాక అంకె చూపించి ఒప్పిద్దాం అనుకున్నాను. మా పద్ధతి అలాగే ఉంటుంది. మొదటి రోజు ఇళ్ళకి నంబర్లు వేస్తాం, రెండో రోజు మనుషులని చూస్తాం.

శ్రీను ఎర్ర సుద్దతో ప్రతి ఇంటి గుంజ మీదా నంబరు వేసి, పక్కన బాణం గుర్తు గీశాడు. మేం ఏళ్ళ తరబడి చేస్తున్నదే అది. మా ఇంటి గడప పక్కన చూడండి. పోలియో చుక్కలవాళ్ళ అంకె, జనాభా లెక్కలవాళ్ళ అంకె, నల్లా పన్నువాళ్ళ అంకె, అన్నీ ఒకదాని మీద ఒకటి. సున్నం వేయించేటప్పుడు కూడా మా అమ్మ వాటిని చెరపనివ్వదు. ఇక్కడ మాత్రం శ్రీను గీస్తుంటే నవ్వులు ఆగిపోయాయి. గుంపు పెద్ద కోసా దూరంగా నిలబడి చూశాడు.  కొత్తవాళ్ళని చూసి బెరుకనుకున్నాం.

గుంపు, రెండో రోజు

పొద్దున్నే వెళ్ళేసరికి గుంపులో మనిషి లేడు.

కోళ్ళు లేవు, పందులు లేవు, చూరుకి బుర్రలు లేవు. రెండు ఇళ్ళ మీద కప్పు కూడా సగం ఊడదీశారు. ప్రతి గుంజ మీదా మా ఎర్ర అంకె ఉన్నచోట కత్తితో చెక్కేశారు. కింద చెక్కపేళ్ళు పడి ఉన్నాయి. సమ్మక్క పొయ్యిలో చెయ్యి పెట్టి చూసి, "ఇంక ఎచ్చగనే ఉన్నది," అంది.  దేవె ఆ ఆయాసంతో ఎక్కడికి నడిచింది?

శ్రీను గుట్టెక్కి సిగ్నల్ దొరికించుకుని సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు.

"ఖాళీగా ఉన్నాయా? ఇంకేం, మంచిదే. ఇళ్ళు ఖాళీ అని రాసేసి, రోడ్డు పక్క ఊరొకటి బదులు తీసుకోండి. రూల్ ఉంది కదా."

"అవ్ సార్, ఉన్నది," అన్నాడు శ్రీను నా మొహం చూడకుండా.

"ఖాళీ చేయించింది మనమే సార్," అన్నాను నేను.

"రూతమ్మ గారూ, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ళే వద్దనుకుంటుంటే మీకెందుకండీ?"

"కందకి దురద ఉందో లేదో కందనే అడిగొస్తాను," అని ఫోన్ పెట్టేశాను. నా చేతిలో ఉన్నది శ్రీను ఫోనని తర్వాత గుర్తొచ్చింది.

సమ్మక్క వాగు వెంట నడిచింది, ఆమె వెనక మేం. ఒంట్లో ఉన్న కోపమంతా కాళ్ళలోకి దిగి, ఎండ తెలియలేదు. కోపం ఎవరి మీదా అంటే, ముందు మా మీదే. వాగు మలుపులో మడుగు పక్కన కనిపించారు. మూటలు, పిల్లలు, కోళ్ళ గంపలు. దేవె ఒక బండ మీద కూలబడి నోటితో ఊపిరి పీలుస్తోంది. పాదాలు ఉబ్బి పిక్కలతో కలిసిపోయాయి. మమ్మల్ని చూసి అందరూ లేచారు. ఆమె ఒక్కతే లేవలేకపోయింది.

కోసా మాట్లాడాడు. సమ్మక్క మాకు చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతే మారింది. వీళ్ళు ఇంతకుముందు వేరేచోట ఉండేవారట. అక్కడికి ఎవరో వచ్చి ఇలాగే గుంజలకి అంకెలు వేసి వెళ్ళారట. తర్వాత ఇంకెవరో వచ్చారట. ఇళ్ళు కూల్చేశారట. గింజల కుండలు కూడా తీసుకోనివ్వలేదు. "అంకె పడ్డ గుంజ నిలవదంటున్నడు అక్కా. అందుకే ఈసారి ముందుగాల్నే మంచిగ అన్నీ సర్దుకొని పోతున్నరంట." సమ్మక్క నుదురు కొట్టుకుంది. "నాకన్న తట్టాలె గద. నా నోరు పడిపోను."

నేను తప్పైపోయిందన్నాను. సమ్మక్క ఆ మాట చెప్పింది. కోసా తల ఊపాడు, కానీ మూట కింద పెట్టలేదు. మేం ఎందుకొచ్చామో మొదటినుంచీ చెప్పాను. మందులు, కార్డు, సూదులు, ఇవి రావాలంటే మీరిక్కడ ఉన్నట్టు లెక్కలో ఉండాలి, అందుకు ఏదో ఒక గుర్తు కావాలి, అన్నాను. చాలాసేపు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. చివరికి ఉంగి లేచింది. భుజాన ఉన్న సొరబుర్రని తీసి నా ఒళ్ళో పెట్టింది. ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఇంటికి అంకె వేస్తే ఇల్లు పోతదంట. బుర్ర మీద వెయ్యమంటున్నది. వాళ్ళు ఎటు పోతే బుర్ర అటు వస్తదంట."

నేను శ్రీను వైపు చూశాను. 

"అక్కా, కట్టడం మీదనే వెయ్యాలె. రూల్..."

"శ్రీనూ, ఆ పిల్ల పాదాలు చూడు."

చూశాడు.  సంచీలోంచి చెరగని నల్ల మార్కర్ తీశాడు. బండ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒక్కొక్క ఇంటి బుర్రా అడిగి తీసుకుని, నిన్నటి నంబరే దాని మీద వేశాడు. బాణం వేయబోయి, ఎటు వేయాలో తెలియక మానేశాడు. పిల్లలు తమ ఇంటి అంకెని ఎత్తి చూపించుకుంటూ పరుగులు తీశారు. కోసా తన బుర్రని అటూ ఇటూ తిప్పి, తడి వేలితో రుద్ది చూశాడు. చెరగలేదు. మూట కింద పెట్టాడు.

గుంపుకి వెనక్కి వెళ్ళేదాకా ఆగలేదు, మడుగు పక్కనే దేవె వేలు గుచ్చాం. చుక్క కూడా పల్చగా వచ్చింది. మీటరులో పదకొండు ఉండాల్సిన అంకె ఐదు దాటలేదు. ఆ అంకెతో కాన్పుకి వెళ్తే ఏమవుతుందో ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. ఉంగికి చెప్పాను. పువ్వు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. కోసా మాత్రం ఒకటే అడిగాడు, దవాఖానాలో కూడా అంకె వేస్తారా అని. చీటీ మీద వేస్తారు, మనిషి మీద కాదు, అన్నాను. మంచం తిరగేసి కట్టి, దేవెని మోసుకుంటూ అంబులెన్స్ వచ్చేచోటిదాకా నడిచారు. మిగతావాళ్ళు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళారు. సమ్మక్క మంచం ఒక కొస తన భుజానికెత్తుకుంది.

మళ్ళీ భద్రాచలం

దవాఖానాకి నేను యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళాను. దారంతా మాటలు నూరి పెట్టుకున్నాను. ఏ రాష్ట్రం అంటే ఇలా అంటాను, ఆధార్ అంటే అలా అంటాను. చీటీ రాసేచోట గుమస్తా తల ఎత్తగానే మొదలుపెట్టాను. "చూడండి, ఈ అమ్మాయిది ఏ ఊరైనా సరే..."

"ఏ ఊరైతే ఏంది మేడం, ఈడికి సగం మంది అటు నుంచే వస్తరు. పేరు చెప్పి జరగుండ్రి, వెనక జనం ఉన్నరు."

నూరుకున్న మాటలన్నీ వృథా. డాక్టరమ్మ చూసి వెంటనే చేర్చుకున్నారు. రక్తం ఎక్కించాలి, బదులుగా ఎవరైనా ఇవ్వగలరా అన్నారు. నేనున్నాను అని చెయ్యి చాపాను. రక్తనిధిలో నర్సు నా వేలు గుచ్చి, మీటరు చూసి, నన్ను చూసి, మళ్ళీ మీటరు చూసింది.

"మేడం, మీరు ఇచ్చుడు కాదు, మీకే ఎవరన్న ఇయ్యాలె. ఆకుకూరలు తినుండ్రి."

ఊరూరా తిరిగి ఆకుకూరలు తినమని చెప్పే నాకు ఆ మాట! సమ్మక్క గోడకి చేరగిలబడి నవ్వింది. శ్రీను నవ్వలేదు. మాతో వచ్చినవాళ్ళలో రక్తం ఇవ్వడానికి పనికొచ్చేది తనొక్కడేనని అప్పటికే తెలిసిపోయింది. ఊళ్ళన్నిటికీ సూదులు గుచ్చిన మనిషి, తన చేతికి సూది వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అతని రక్తం నిధిలోకి వెళ్ళింది. దేవెకి సరిపోయే సంచి అక్కడి నిల్వలోంచి తెచ్చి వేలాడదీశారు. శ్రీను పళ్ళరసం తాగుతూ, ఆ సంచినే చూస్తూ వార్డులో కూర్చున్నాడు. ఉంగి మంచం కింద చాప వేసుకుంది.

రెండో సంచి ఎక్కాక దేవె పెదవులకి రంగొచ్చింది. ఉంగి ఆమె చెంపలు రెండు చేతుల్లో పట్టుకుని చూసుకుంది. సమ్మక్క అప్పటిదాకా సంచీలోంచి తీయని తల్లీబిడ్డల కార్డు తీసి రాయడం మొదలుపెట్టింది. "ఆ గుంపు నీ ఊళ్ళల్లో లేదు కదా?" అన్నాను. "ఇప్పుడున్నది. అడిగేటోళ్ళు వచ్చి నన్నే అడగనీ," అంది.

ఖమ్మం

అందరం చేసుకొచ్చిన పని చూపించే సమావేశం ఖమ్మంలో. మిగతా జట్లవాళ్ళు కూడా ఉన్నారు. మా ఫొటోలు తెర మీదికి వచ్చాయి. వరసగా సొరబుర్రలు.

"ఇదేంటి రూతమ్మ గారూ, సొరకాయలకి బీపీ చూశారా?" అన్నారు సూపర్‌వైజర్ గారు. గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, నిజంగానే నవ్వొచ్చింది. నవ్వయ్యాక జరిగింది మొత్తం చెప్పాను. గుంజలు, వాగు, దేవె, అన్నీ.

ఆయన చెడ్డమనిషి కాదు. విన్నారు. విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మీ మనసు అర్థమైందమ్మా. కానీ రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు ఏ ఇల్లు చూస్తారు? వీళ్ళు ఇవాళ ఇక్కడుంటారు, రేపు ఎక్కడుంటారో వాళ్ళకే తెలియదు. స్థిరంగా లేనివాళ్ళని పెట్టుకుంటే మన పనంతా తప్పంటారు. ఇళ్ళు ఖాళీ అని ఒక సంతకం పెట్టండి, బదులు ఊరు నేను చూసుకుంటాను."

"పెట్టనండీ."

"మీ కాంట్రాక్టు రెన్యువల్ కాగితం నా బల్ల మీదే ఉంది. బెదిరించడం లేదు, గుర్తు చేస్తున్నాను."

"గుర్తుంది. అయినా పెట్టను. ఆ ఇళ్ళల్లో నేను తిన్నాను. ఖాళీ అని ఎలా రాస్తాను? వలసవాళ్ళని కలపమని రాసింది మీ పైవాళ్ళే. కదలనివాళ్ళు వలసవాళ్ళెలా అవుతారు? కలపడం ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేసి పంపమనండి, నేను ఇంటికి పోతాను. ఆ వాక్యం ఉన్నంతకాలం ఆ గుంపు ఉంటుంది."

  ఆయన విసుగ్గా శ్రీను వైపు తిరిగారు. "నువ్వు చెప్పు శ్రీను. నీకు రూల్స్ తెలుసు. ఇలా చేయొచ్చా?"

శ్రీను లేచాడు. చేతిలో మాన్యువల్ ఉంది, తెరవలేదు.

"చేయొద్దు సార్. రూల్ లేదు," అన్నాడు.  అతను ఆగి, మళ్ళీ అన్నాడు. "గని ఆ పిల్లకు ఎక్కించిన రక్తం సంచి నేను దగ్గరుండి చూసిన సార్. దాని మీద గ్రూపు రాసున్నది. ఇచ్చినోని ఊరు రాసి లేదు. ఎన్ని నెలల సంది ఆడ ఉంటున్నడో రాసి లేదు. అయినా ఆమెకు ఎక్కింది. పాణం నిలవడ్డది. ఇంగ మనం రాసే లెక్కకే ఎందుకు సార్ గట్టి గుంజ?"

"కూర్చో శ్రీను," అన్నారాయన.

ఏ రూలు చెప్పినా తల ఊపే శ్రీను కూర్చోలేదు. నేనూ లేచి అతని పక్కన నిలబడ్డాను. ఆ గుంపుని లెక్కలో ఉంచుతున్నట్టు ఆయన మా కళ్ళ ముందు టైపు చేసేదాకా, ఇద్దరం అక్కడే నిలబడి ఉన్నాం.